డ్రాయింగ్ సార్ జవాబులు: చీకటి గదిలో ఒక్క కిటికీ

ప్రశ్న: సార్, మా నాన్న ఒక మిషన్ హాస్టల్లో ఇరవై ఏళ్ళకు పైగా వంట చేశాడు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి పొయ్యి వెలిగించేవాడు. పని మానేసిన రోజు అక్కడి సిస్టర్లు ఫ్రేము కట్టిన బొమ్మ ఒకటి ఇచ్చి పంపారు. పెద్ద చీకటి గది, రెండు పక్కలా గోధుమరంగు అంగీలు తొడుక్కున్న మనుషులు, చివర ఒక కిటికీ. నాన్న పోయి మూడేళ్ళయింది. ఆ బొమ్మ చూస్తే భయమేస్తుంది, తీసేయమని పిల్లలు గొడవ చేస్తున్నారు. మాది ఆ మతం కూడా కాదు. ఫోన్లో ఫోటో తీసి పంపుతున్నాను. అది ఎవరి బొమ్మ? అంత చీకటిగా ఎందుకు వేశారు? ఉంచాలా, తీయాలా?
— ఒక గృహిణి, నకిరేకల్

జవాబు: అమ్మా, తీయకండి. ముందు ఈ మాట చెప్పి తరువాత మిగతావి చెబుతాను.

మీరు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. కింద అచ్చులో చిత్రకారుడి పేరు ఉంది, సగం మాసిపోయినా చదవడానికి వస్తోంది. ఆయన ఫ్రాంస్వా మారియుస్ గ్రానే. ఫ్రాన్సు దక్షిణాన ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ అనే ఊళ్ళో 1775లో పుట్టాడు. తండ్రి తాపీమేస్త్రి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను. మీ ఇంట్లో ఉన్నది ఆయన వేసిన ‘రోములో కపూచిన్ చర్చి కోయిర్’ అనే తైలవర్ణ చిత్రానికి అచ్చు. అసలు బొమ్మ 1814-15 నాటిది, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎత్తు దాదాపు ఆరున్నర అడుగులు, వెడల్పు ఐదడుగులకు కొంచెం తక్కువ. మీ గోడమీది అచ్చు జానెడున్నర ఉందేమో. అసలు బొమ్మ ముందు నిలబడితే ఆ గది గుమ్మంలో నిలబడినట్టే ఉంటుంది.

ఆ మనుషులు కపూచిన్ సన్యాసులు. అసిసీ ఫ్రాన్సిస్ పేరు విన్నారు కదా, ఆయన బాటలో నడిచే సన్యాసుల్లో ఒక శాఖ. 1520ల్లో ఇటలీలో మొదలైంది. కోసుగా ఉండే టోపీ కుట్టిన గోధుమరంగు ముతక అంగీ, గడ్డం, నడుముకు తాడు. ఆ తాడుకు మూడు ముడులుంటాయి. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత, ఈ మూడు వ్రతాలకు గుర్తుగా. వాళ్ళ టోపీకి ఇటలీ భాషలో ఉన్న మాట నుంచే కపూచిన్ అనే పేరు వచ్చింది. నార్కట్‌పల్లి దగ్గర హైవే హోటళ్ళలో మీ పిల్లలు కాపుచినో తాగి ఉంటారు. ఆ కాఫీకి పేరు వచ్చింది ఈ అంగీ రంగు నుంచే. ఇది వాళ్ళకు చెప్పండి, భయం అక్కడే సగం పోతుంది.

కోయిర్ అంటే ఆ సన్యాసులు కూర్చుని కీర్తనలు పాడుకునే గది. తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, వేళ తప్పకుండా పాడతారు. గదికి రెండు గోడల వెంట చెక్క ఆసనాలుంటాయి. ఒక వరుస ఒక చరణం అంటే, ఎదురు వరుస తరువాతి చరణం అందుకుంటుంది. మన భజన మండలిలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నట్టే. ఈ చిత్రంలో జరుగుతున్నది అదే. అక్కడ దెయ్యమూ లేదు, శిక్షా లేదు. కొందరు మనుషులు రోజూ చేసే పనే ఆ రోజూ చేస్తున్నారు.

ఇక చీకటి సంగతి. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

మునుగోడు దగ్గర మా పల్లెలో మాది గూనపెంకుటిల్లు. వంటింటికి కిటికీ లేదు. పైన పెంకుల మధ్య ఒకచోట మా నాయన అద్దం బిళ్ళ పెట్టించాడు. పొద్దున పది దాటాక అందులోంచి ఎండ ఏటవాలుగా దిగేది, సరిగ్గా మా అమ్మ కూర్చునే చోటికి. పొయ్యిలోంచి లేచే పొగ గదంతా ఉండేది గానీ ఆ వెలుగులోకి వచ్చినప్పుడే కనబడేది. అమ్మ జొన్నరొట్టె చేస్తుంటే చేతుల మీది పిండి తెల్లగా మెరిసేది, ముఖం మాత్రం సరిగ్గా తెలిసేది కాదు. నేను గడపలో నిలబడితే "బిడ్డా, గాడ నిలవడకు, వెలుగుకు అడ్డమొస్తున్నవ్" అనేది. వెలుగు వచ్చేది పైనుంచి, నేనున్నది గుమ్మంలో. నేను అడ్డం వచ్చే వీలే లేదు. అయినా ఆ గదిలో వెలుగు ఎంత తక్కువో, ఎంత అపురూపమో ఆ మాటలో ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు బళ్ళలో డ్రాయింగ్ చెప్పాను. వెలుగు పాఠం నేర్చుకున్నది ఆ వంటింట్లోనే.

గ్రానే చేసింది అదే. వెలుగు వచ్చేది ఒక్క చోటు నుంచే, గది చివరి కిటికీలోంచి. ఆ కిటికీ మనకు ఎదురుగా ఉంది కాబట్టి వెలుగు మన వైపే వస్తోంది. అందుకే మనుషుల ముఖాలు కనబడవు, అంచులు మాత్రం మెరుస్తాయి. ఒక నున్నటి తల, ఒక భుజం, అంగీ మడత. మిగతాదంతా నీడలో కలిసిపోతుంది. ముందు నేల మీద పడ్డ వెలుగును చూడండి, తరువాత ఆ వెలుగు వెంట కిటికీ దాకా వెళ్ళండి. కళ్ళు నేల మీంచి నడిచి వెళ్ళినట్టుంటుంది. రెండు పక్కల గోడలు, మనుషుల వరుసలు, పైకప్పు వంపు, అన్ని గీతలూ గది చివర ఒక్క చోటికే చేరతాయి. మేస్త్రి కొడుకు కదా, గోడ ఎంత మందమో, కమాను బరువు ఎక్కడ దిగుతుందో చేతికి తెలిసిన మనిషి వేసిన గది అది. చాలామంది చిత్రకారులు మనుషులను వేసి వెనకాల గోడ వేస్తారు. ఈయన ముందు గోడ కట్టి, అందులో మనుషులను కూర్చోబెట్టాడు.

పిల్లలకు చూపించడానికి ఒక పని చేయండి. పొద్దున పదకొండింటికి గదిలో లైట్లన్నీ ఆర్పి, తలుపులు మూసి, ఒక్క కిటికీ తెరిచి ఉంచండి. ఒకరిని కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టి రెండోవాడిని ఎదురుగా దూరం నుంచి చూడమనండి. కూర్చున్నవాడి ముఖం నల్లగా, చెవుల అంచులు ఎర్రగా కనబడతాయి. తరువాత ఆ బొమ్మ చేతికివ్వండి. అప్పుడు వాళ్ళే చెబుతారు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ బొమ్మ సగమే అర్థమవుతుంది. గ్రానే యువకుడిగా ఉన్నప్పుడే ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1789లో చర్చి ఆస్తులను ప్రభుత్వం తీసుకుంది, 1790లో సన్యాస వ్రతాలను రద్దు చేసింది. మఠాలు ఖాళీ అయ్యాయి. పారిస్‌లో అలా ఖాళీ అయిన ఒక పాత మఠంలోని గదులను పని చేసుకోవడానికి చిత్రకారులు తీసుకున్నారు. వాళ్ళలో గ్రానే కూడా ఉన్నాడు. 1802లో రోముకు వెళ్ళి 1824 దాకా అక్కడే ఉన్నాడు. ఆయన వెనకాలే నెపోలియన్ సైన్యమూ అక్కడికి చేరింది. 1809లో రోమును ఫ్రాన్సులో కలిపేశారు, మరుసటేడు అక్కడి మఠాలనూ మూయించారు. అప్పుడు రోము వదలాల్సి వచ్చిన పోపు, కాథలిక్కుల మతపెద్ద, తిరిగి రోముకు వచ్చింది 1814లో. ఈ బొమ్మ వేసిన కాలం 1814-15. ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. జీవితమంతా ఖాళీ మఠాల్లో తిరిగిన మనిషి, ఆ ఆసనాలను మళ్ళీ మనుషులతో నింపాడు. సన్యాసులను వెళ్ళగొట్టిన కాలంలోనే యూరప్‌లో సన్యాసుల బొమ్మలకు అంత ఆదరణ వచ్చింది. అది యాదృచ్ఛికం అని నేను అనుకోను. ఇంట్లో పెద్దమనిషి పోయాక ఆయన కుర్చీని చూసే చూపు వేరుగా ఉంటుంది. మీకు తెలుసు.

జనం ఈ బొమ్మను ఎంత ఇష్టపడ్డారంటే, గ్రానే ఇదే దృశ్యాన్ని పదికి పైగా సార్లు మళ్ళీ మళ్ళీ వేయాల్సి వచ్చింది. రష్యాలో ఎర్మితాజ్ మ్యూజియంలో 1818 నాటిది ఒకటి ఉంది. 1819లో పారిస్ సలోన్ ప్రదర్శనలో పెట్టినప్పుడు గొప్ప పేరు వచ్చింది. అమెరికాలో థామస్ సల్లీ అనే చిత్రకారుడు 1821లో దీనికి నకలు వేశాడు. అలా నకళ్ళు, అచ్చులు ఊళ్ళు తిరిగి, ఒకటి మీ నాన్న చేతికి వచ్చింది. నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించే మనిషికి, తెల్లవారుజామున లేచి పాడే మనుషుల బొమ్మ ఇచ్చారు ఆ సిస్టర్లు. వాళ్ళు ఆలోచించే ఇచ్చారని నాకనిపిస్తోంది.

ఎక్కడ పెట్టాలో కూడా చెబుతాను. తలుపుకు ఎదురుగా వద్దు, ట్యూబులైటుకు ఎదురుగా అసలే వద్దు. ముదురు రంగు బొమ్మ మీద అద్దం ఉంటే మీ ముఖమే కనబడుతుంది గానీ బొమ్మ కనబడదు. కిటికీ పక్క గోడకు, వెలుగు పక్క నుంచి పడేలా తగిలించండి. పడమటి ఎండ తగలకూడదు, అచ్చు రంగు వెలిసిపోతుంది. దించినప్పుడు వెనక అట్టకు చెద పట్టిందేమో చూసి, పట్టి ఉంటే అట్ట మార్పించండి. ఫ్రేము మాత్రం మార్చకండి.

ప్రశ్న: నేను ఆయిల్ కలర్స్‌తో చీకటి గది, దీపం బొమ్మ వేశాను. మూడు వారాలైనా చేతికి అంటుకుంటోంది. ఎండలో పెట్టొచ్చా? ఇంకా నీడలన్నీ బురదలా తయారయ్యాయి.
— ఐటీఐ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: ఎండలో పెట్టకు బిడ్డా. ఆయిల్ రంగు నీళ్ళ రంగులా ఆరిపోదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. మందంగా వేస్తే పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. మిర్యాలగూడ ఎండలో పెడితే ఆ పొర ముడతలు పడుతుంది. గాలి ఆడే గదిలో గోడకు వాల్చి పెట్టి, ఓపిక పట్టు.

నీడలు బురదలా కావడానికి కారణం నల్లరంగు. నువ్వు ప్రతి రంగులోనూ నలుపు కలిపి ఉంటావు. గ్రానే కాలం వాళ్ళు నీడను పల్చగా, గోధుమరంగు పొరల మీద పొరలుగా వేసేవాళ్ళు. వెలుగును మాత్రం మందంగా తెల్లరంగుతో పెట్టేవాళ్ళు. నీడ పల్చన, వెలుగు మందం. పొరలు వేసేటప్పుడు కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పగుళ్ళు వస్తాయి. తెల్లరంగులో అవిసె నూనెకు బదులు కుసుమ నూనె కలిపి అమ్మే ట్యూబులు ఉంటాయి. అది తక్కువ పసుపెక్కుతుంది. అవును, మన పాలమూరు చేలల్లో పండే ఆ కుసుమే. కానీ కిరాణా కొట్టు వంటనూనె తెచ్చి పోయకు, బొమ్మలకు వాడేది వేరుగా శుద్ధి చేసినది.

ప్రశ్న: ‘సముద్రం ఒడ్డున సన్యాసి’ అనే చిత్రం గురించి మా మేడమ్ క్లాసులో చెప్పింది. నెట్‌లో చూశాను. కింద ఇసుక, మధ్యలో నల్లటి నీళ్ళు, పైనంతా ఆకాశం, చీమంత మనిషి. ఏమీ లేని బొమ్మ ఎలా గొప్పదవుతుంది సార్?
— డిగ్రీ విద్యార్థిని, కొల్లాపూర్

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు నిన్ను మెచ్చుకోవాలి. ఎందుకంటే 1810లో బెర్లిన్‌లో దాన్ని మొదటిసారి చూసినవాళ్ళకూ ఇలాగే అనిపించింది. వేసినవాడు జర్మనీ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్‌రిక్. 1808లో మొదలుపెట్టి 1810 దాకా దాని మీద పని చేశాడు. వెడల్పు 171 సెంటీమీటర్లు దాటుతుంది, ఎత్తు 110. ఇప్పుడు బెర్లిన్‌లోని పాత జాతీయ చిత్రశాలలో ఉంది.

"ఏమీ లేదు" అన్నావు కదా. మొదట ఉన్నాయమ్మా. కొన్నేళ్ళ కిందట ఆ చిత్రాన్ని శుభ్రం చేసినప్పుడు పరారుణ కిరణాలతో ఫోటోలు తీశారు. నీళ్ళ మీద ఓడలు గీసిన గుర్తులు బయటపడ్డాయి. ఫ్రీడ్‌రిక్ వాటిని గీసి, తరువాత కప్పేశాడు. అంటే ఆ ఖాళీ చేతకాక మిగిలింది కాదు, కష్టపడి తెచ్చుకున్నది. ఓడ ఉంటే మన కన్ను ఓడ మీద కూర్చుంటుంది. కూర్చోవడానికి చోటే లేకుండా చేశాడు. క్లైస్ట్ అనే రచయిత అప్పుడే ఒక పత్రికలో రాస్తూ, ఈ బొమ్మ చూస్తుంటే కనురెప్పలు కోసేసినట్టుంది అన్నాడు. రెప్ప వేసి తప్పించుకోవడానికి లేదు అని ఆ మాటకు అర్థం.

ఫ్రీడ్‌రిక్ ఏడేళ్ళప్పుడు తల్లి పోయింది. పదమూడేళ్ళప్పుడు తమ్ముడు మంచు పగిలి నీళ్ళలో మునిగిపోయాడు. బొమ్మకు అదొక్కటే కారణం అనను, కానీ నీళ్ళను అలా చూసిన కళ్ళు ఊరికే రాలేదు. ఈ చిత్రంతో పాటు దానికి జతగా ఇంకొకటి ప్రదర్శించాడు, ‘ఓక్ చెట్ల మధ్య మఠం’. మంచులో కూలిన మఠం, ఎండిన చెట్లు, శవపేటిక మోసుకుంటూ గుమ్మంలోకి వెళ్తున్న సన్యాసులు. తన ఊరి దగ్గరున్న ఎల్డెనా అనే మఠం శిథిలాలను ఆయన చిన్నప్పటి నుంచి చూశాడు. ఆ రెండు చిత్రాలనూ అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా రాజు కొన్నాడు. కొనమని తండ్రిని అడిగింది పదిహేనేళ్ళ యువరాజు. నీకంటే చిన్నవాడు!

గ్రానే సన్యాసులకు గోడ ఉంది, పక్కన పాడే మనిషి ఉన్నాడు. ఫ్రీడ్‌రిక్ సన్యాసికి ఎవరూ లేరు. నన్ను అడిగితే గ్రానే గదిలో కూర్చోవడమే నాకు ఇష్టం. కానీ నిద్ర పట్టని రాత్రి కళ్ళ ముందుకు వచ్చేది మాత్రం ఆ ఇసుకే.

నువ్వు కొల్లాపూర్‌లో ఉన్నావు, నీకు దీన్ని అర్థం చేసుకోవడం నాకంటే సులువు. వానాకాలం పోయాక, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు సోమశిలకు వెళ్ళు. సాయంత్రం పడవలన్నీ ఒడ్డుకు వచ్చేదాకా ఆగు. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మంచిది. ఒడ్డున ఒక్కర్తివే నిలబడి, ఫోన్ సంచిలో పెట్టి, పది నిమిషాలు ఊరికే చూడు. మీ స్నేహితురాలిని నీ వెనక దూరంగా నిలబెట్టి, నిన్నూ నీళ్ళనూ కలిపి పెన్సిల్‌తో గీయమను. ఆకాశానికి కాగితంలో ముప్పావు వంతుకు పైగా ఇవ్వాలని ముందే చెప్పు. గీసింది నాకు పంపించు.

ప్రశ్న: యూరప్ మఠాలకు అంత మంచి బొమ్మలున్నాయి. మన దగ్గర ఫణిగిరిలో వందల ఏళ్ళు బౌద్ధ భిక్షువులు బతికారు. వాళ్ళ జీవితాన్ని ఎవరూ వేయలేదా?
— టీచర్, తిరుమలగిరి

జవాబు: మాస్టారూ, మీ ఊరి పక్కనే ఉంది కాబట్టి మీకు బాధ ఎక్కువ. నాకూ ఉంది. నూనె రంగులు మన దగ్గరికి ఆలస్యంగా వచ్చాయి, అప్పటికి ఆ భిక్షువులు లేరు. కానీ వేయలేదు అనకండి, చెక్కారు. ఫణిగిరి తోరణం మీద బుద్ధుడి జీవిత ఘట్టాలున్నాయి. సున్నపురాయి మీద వేలెడంత మనుషులు, గుర్రాలు, తలపాగాలు, ఒక్కొక్క మడతా విడివిడిగా కనబడేలా చెక్కారు. అవి రెండు వేల ఏళ్ళకు కొంచెం ఇటు. నిజాం కాలంలో 1940ల్లో అక్కడ మొదటి తవ్వకాలు జరిగాయి, 2001 తరువాత మళ్ళీ మొదలయ్యాయి. 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒక పక్క ఏనుగు, ఒక పక్క ఉజ్జయిని గుర్తు, అంటే నాలుగు చివర్లా వలయాలున్న కూడిక గుర్తు.

ఇంకొకటి చెబుతాను, ఇది తెలిసిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టారు. ఫణిగిరి రాళ్ళు అక్కడికి వెళ్ళాయి. గ్రానే చిత్రం ఉండేది ఆ మ్యూజియంలోనే. పైన నకిరేకల్ సోదరి గోడ మీదున్న అచ్చుకు అసలు బొమ్మ, మీ ఊరి గుట్ట మీద దొరికిన రాళ్ళు, ఆ ఏడు కొన్ని నెలలు ఒకే ఇంటి కప్పు కింద ఉన్నాయి.

భిక్షువుల రోజువారీ బతుకు బొమ్మ కావాలంటే మాత్రం గుట్ట ఎక్కాలి. విహారాల్లో ఇప్పుడు మిగిలినవి ఇటుక గోడల అడుగు వరసలే. ఒక్కొక్క భిక్షువుకు ఒక్కొక్క చిన్న గది, అన్నీ వరసగా, ఒకే కొలత. నేను పోయినసారి వెళ్ళినప్పుడు ఒక గదిలో చాప వేసినట్టు పడుకుని చూశాను. నా కాళ్ళు చాపితే గోడ ఎంత దూరమో తెలిసింది. అక్కడి నుంచి పొద్దుటి సూర్యుడు ఎటు నుంచి వస్తాడో చూసుకుని, గుమ్మం ఎటు ఉండి ఉంటుందో, వెలుగు ఎక్కడ పడి ఉంటుందో గీసుకున్నాను. అయిదు కాగితాలు పాడయ్యాయి, ఆరోది దాచుకున్నాను.

మీరు మీ తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకెళ్ళండి. పొద్దున ఏడింటికల్లా పైన ఉండాలి, తొమ్మిది దాటితే రాయి కాలుతుంది, గుట్ట మీద నీడ తక్కువ. ఒక్కొక్కరికి నీళ్ళ సీసా, అట్ట, నాలుగు కాగితాలు, ఒక బొగ్గు ముక్క చాలు. గోడల మీద ఎక్కనివ్వకండి. ఒక్కొక్కరిని ఒక్కొక్క గది అడుగు ముందు కూర్చోబెట్టి, గోడలు లేపి కప్పు వేయమనండి. కిటికీ ఎక్కడ పెట్టాలో వాళ్ళనే అనుకోనివ్వండి.